ఏఏసీ గోడ పగిలితే తప్పు బ్లాక్‌దేనా? అపోహలు - వాస్తవాలు

సైట్‌కి ఎవరొచ్చినా ఇదే ప్రశ్న, "ఏఏసీ బ్లాక్స్‌తో కడితే గోడలు పగుళ్ళిస్తాయంట కదా సార్?" ఏఏసీ అంటే ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్, లోపలంతా గాలి బుడగలుండే తేలికైన సిమెంటు బ్లాక్. ఎవరు చెప్పారండీ అంటే ఎవరో అన్నారంట. ఉన్నదంతా పెట్టి ఇల్లు కట్టుకునేవాళ్ళకి భయం ఉంటది, అందులో తప్పులేదు, నా చిరాకల్లా ఆ పుకారు మోసేవాళ్ళ మీదే.

అపోహ: బ్లాక్‌లోనే లోపం ఉంది, అందుకే పగుళ్ళు.

వాస్తవం: నేను చూసిన పగుళ్ళలో చాలామటుకు ఎర్ర ఇటుక అలవాటు తెచ్చిపెట్టినవే. ఇటుకని నానబెట్టి కడతారు కదా, మేస్త్రీ అదే చేత్తో బ్లాక్‌నీ తొట్లో ముంచి తీస్తాడు. అది నీళ్ళు పీల్చుకుని, గోడ లేచాక ఆరుతూ కుంచించుకుంటుంది, ఇంక జాయింట్ విడక ఏం చేస్తది? దుమ్ము దులిపి, మరీ ఎండగా ఉంటే పైపైన తడిపి, జాయింటింగ్ మోర్టార్ (ఈ బ్లాక్స్‌ని అతికించే పల్చటి మాలు) 2-3 మిల్లీమీటర్లు పూస్తే సరిపోద్ది. అది మానేసి అంగుళం మందాన సిమెంటు మాలు వేస్తారు, గట్టిగా ఉండాలని ప్లాస్టరింగ్‌లో సిమెంటు దట్టిస్తారు, చివరికి "బ్లాకే మంచిది కాదు సార్" అంటారు!

పగులు ఎక్కడుందో చూస్తే కారణం సగం తెలిసిపోద్ది. ఒకాయన కంగారుగా ఫోన్ చేశాడు, హాల్లో పైనుంచి కిందదాకా స్కేలు పెట్టి గీసినట్టు పగులు, గోడ కూల్చేసి ఇటుకతో కట్టిస్తానంటాడు. వెళ్ళి చూస్తే సరిగ్గా కాలమ్ అంచు వెంటే ఉంది, కాస్త ప్లాస్టర్ చెక్కిస్తే లోపల మెష్ (ప్లాస్టర్ కింద వేసే జాలీ) లేదు. కాంక్రీటూ బ్లాకూ వేడికి, తేమకి ఒకేలా కదలవు, అందుకే ఆ అతుకు మీద అటూ ఇటూ ఓ 150 మిల్లీమీటర్లు పోయేలా మెష్ కొట్టి ప్లాస్టర్ చెయ్యాలి. ఆ పట్టీ మటుకే చెక్కించి మెష్ వేయించా, గోడ జోలికి పోలేదు. అదే బీమ్ కింద అడ్డంగా వచ్చిందంటే బీమ్‌కి బిగించి కట్టేసుంటారు, అక్కడ చిన్న సందు వదిలి చివర్లో మెత్తటి ఫిల్లర్‌తో నింపాలి. కాలమ్‌లోనో బీమ్‌లోనో పగులుంటే మాత్రం అది వేరే కథ, వెంటనే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి.

అపోహ: గుల్ల కాబట్టి బలం ఉండదు.

ఫ్రేమ్ ఇంట్లో, అంటే పిల్లర్లు లేపి కట్టే ఇంట్లో, బరువు మోసేది కాలమ్సూ బీమ్సూ. ఘనపు మీటరు ఇటుక గోడ దాదాపు 1800-1900 కేజీలైతే ఏఏసీ 550-650, దానివల్ల డెడ్ లోడూ (కట్టడం సొంత బరువు) తగ్గుద్ది, భూకంపం లోడూ తగ్గుద్ది. కాకపోతే డిజైన్‌కి ముందే ఇంజనీర్‌కి చెప్పాలి, పిల్లర్లు లేచాక బ్లాక్ మారిస్తే స్టీల్ ఏం ఆదా కాదు.

బ్లాక్ తయారీలో కలిపే అల్యూమినియం పొడి విషమంటారు, అదీ ఉత్తిదే. ఆ పొడి సున్నంతో కలిసి హైడ్రోజన్ వదులుద్ది, మిశ్రమం పొంగుద్ది, గ్యాస్ పోయి గాలి బుడగలు మిగులుతాయి. గోడ వేడిని తొందరగా లోపలికి రానివ్వదంటే ఆ బుడగల వల్లే.

మేకు ఆగదనేది మటుకు నిజం. పొడవాటి నైలాన్ ఫాస్టెనర్ వాడండి, గీజర్ లాంటివాటికి అవతలిదాకా బోల్ట్ వేయించండి.

ఇంకోటి, సీఎల్‌సీ (సెల్యులార్ లైట్‌వెయిట్ కాంక్రీట్) బ్లాక్స్‌ని ఏఏసీ అని అంటగట్టేవాళ్ళున్నారు. అవి నురుగు కలిపి పోసినవి, ఆటోక్లేవ్‌లో (పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది) 180-190 డిగ్రీల ఆవిరికి ఉడికినవి కావు, ఆరేటప్పుడు ఇంకా ఎక్కువ కుంచించుకుంటాయి. లోడ్ దించేముందే టెస్ట్ రిపోర్ట్ అడగండి.