వజ్రం కాదని పారేసిన ఎర్రగింజ: భూప్రావారంపై అపోహలు - వాస్తవాలు

తొలకరి పడగానే అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో మనుషులు తలలు వంచుకుని నడుస్తుంటారు. ఒక్క వజ్రం దొరికితే అప్పు తీరుతుందని ఆశ. ఆ చేలల్లో నేనూ చాలాసార్లు అలాగే నడిచాను. నేను వెతికేది మాత్రం వజ్రాన్ని మోసుకొచ్చిన కింబర్లైట్ శిలనూ, దానితో పాటు పైకి వచ్చిన భూప్రావారపు (భూపటలానికి కింద, కేంద్రమండలానికి పైన ఉండే మందపాటి పొర) ముక్కలనూ. ఒకసారి ఒక పెద్దాయన అరచేతిలో నాలుగైదు ఎర్రటి గింజలు చూపించి, "ఇవి వజ్రాలు కావండీ, ఇలాంటివి దొరికితే గట్టు మీద పారేస్తాం" అన్నారు. అవి గార్నెట్ అనే ఖనిజపు గింజలు. అడిగి తెచ్చుకున్నాను. ఆ గింజల గురించే ఎక్కువగా చెప్పాలని ఉంది. దానికి ముందు కొన్ని అపోహలు తొలగాలి.

అపోహ: భూపటలం కింద అంతా లావా మరుగుతూ ఉంటుంది.

పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలో ప్రావారానికి ఎర్ర రంగు వేయడం వల్ల ఈ అభిప్రాయం బలపడింది. నిజానికి ప్రావారం దాదాపు పూర్తిగా ఘన శిల, రంగు ఆకుపచ్చ. భూకంప తరంగాల్లో ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు. అవి ప్రావారం గుండా హాయిగా సాగి, సుమారు 2,900 కిలోమీటర్ల లోతున బాహ్య కేంద్రమండలం దగ్గర ఆగిపోతాయి. ఘనమే అయినా ప్రావారం కదులుతుంది, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున. గోరు పెరిగే వేగం అనుకోండి.

మరి అగ్నిపర్వతాలకు శిలాద్రవం ఎక్కడిది? కింద మంట ఎక్కువై రాయి కరగడం అరుదు. వేడి రాయి పైకి లేచేకొద్దీ దాని మీద ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే అదే వేడికి కరగడం మొదలవుతుంది. అదీ మొత్తంగా కాదు. సముద్రగర్భ పర్వతశ్రేణుల కింద కరిగేది పదో వంతు, కొన్నిచోట్ల అంతకు కాస్త ఎక్కువ. గానుగలో నువ్వులు ఆడితే నూనె ఒక పక్కకు, తెలకపిండి ఒక పక్కకు వస్తాయి కదా. లావా గడ్డకడితే వచ్చే నల్లరాయి బసాల్ట్ ఆ నూనె. వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడికి మూలమైన దక్కన్ బసాల్ట్, రాజమహేంద్రవరం దగ్గర గోదావరి గట్లలో కనిపించే బసాల్ట్, రెండూ సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట ప్రావారం నుంచి దిగిన నూనే. తెలకపిండి లోపలే ఉండిపోయింది. నా వృత్తి ఆ తెలకపిండిని చదవడం.

అపోహ: అంత లోతు రాయిని ఎవరూ చూడలేదు, చెప్పేదంతా ఊహ.

మనిషి తవ్విన అతి లోతైన బోరు, రష్యాలోని కోలాలోది, 12,262 మీటర్లు. అది ప్రావారాన్ని తాకలేదు, నిజమే. కానీ మనం దిగలేకపోయినా ప్రావారం తనంతట తాను పైకి వచ్చిన చోట్లు ఉన్నాయి. ఒమన్‌లో భూపలకల ఒరిపిడికి సముద్రగర్భపు పటలం, దాని కింది ప్రావారం కలిసి నేల మీదకు ఎక్కాయి. ఇలా నేలకెక్కిన శిలల్ని ఓఫియోలైట్ అంటారు. ఆ సమైల్ ఓఫియోలైట్ వయసు సుమారు 9.5 కోట్ల ఏళ్లు. గల్ఫ్‌కు పనికి వెళ్లిన తెలుగువారు ఎందరో మస్కట్ నుంచి లోపలికి వెళ్లే దారిలో ఆ మొరటు గోధుమరంగు కొండల్ని చూసే ఉంటారు. ఎండకూ గాలికీ లోపలి ఇనుము తుప్పు పట్టి పైతొక్క గోధుమరంగుకు తిరుగుతుంది. సుత్తితో కొట్టి కొత్త ముఖం చూస్తే ముదురు ఆకుపచ్చ. మన దేశంలో లద్దాఖ్‌లో, అండమాన్‌లో, నాగా కొండల్లో ఇలాంటి శిలలే ఉన్నాయి. ఇక 2023లో అట్లాంటిక్ గర్భంలోని అట్లాంటిస్ మాసిఫ్ అనే కొండ దగ్గర ఓడ మీద నుంచి 1,268 మీటర్ల మేర ప్రావార శిలలోకి తవ్వి, స్తంభాల్లాంటి రాతి నమూనాలు తీశారు.

అపోహ: బొగ్గు లోతుకు పోయి నలిగితే వజ్రం అవుతుంది.

బొగ్గు చెట్ల నుంచి వచ్చింది. వజ్రాల్లో అత్యధికం నేల మీద మొక్కలు పుట్టకముందే తయారయ్యాయి. కొన్నిటి వయసు 300 కోట్ల ఏళ్లు దాటింది. సుమారు 150 కిలోమీటర్లు, ఆపై లోతులో ప్రావారం గుండా పాకే ద్రవాల నుంచి కర్బనం గడ్డకట్టి వజ్రంగా పెరుగుతుంది.

అలాగే వజ్రం కింబర్లైట్‌లో పుట్టదు. కింబర్లైట్ బండి మాత్రమే, వజ్రం ప్రయాణికుడు. వజ్రకరూరు ప్రాంతపు పైపుల్లో (కింబర్లైట్ ఎగసి వచ్చి గడ్డకట్టిన గొట్టాల్లాంటి దారుల్లో) ఎక్కువ భాగం సుమారు 110 కోట్ల ఏళ్ల నాటివి. తిమ్మసముద్రం దగ్గరైతే 9 కోట్ల ఏళ్ల వయసు కూడా తేలింది. బండి ఏ కాలానిదైనా, ఎక్కినవారు అంతకన్నా పాతవారు. వానకు వజ్రాలు పుడతాయనే మాట కూడా అక్కడ విన్నాను. పైమట్టి కొట్టుకుపోయి ఉన్న వజ్రం మెరవడమే వాన చేసే మేలు.

అపోహ: వజ్రం తప్ప మిగతావి పనికిరాని రాళ్లు.

నా మనసుకు ఎక్కువ కష్టం కలిగించే అపోహ ఇది. మచ్చలేని వజ్రం దాదాపు శుద్ధ కర్బనం. తానున్న చోటు గురించి అది చెప్పేది చాలా తక్కువ. పక్కన పారేసిన గార్నెట్‌లో మాత్రం సిలికాన్, అల్యూమినియం, మెగ్నీషియం, ఇనుము, కాల్షియం, క్రోమియం, చిటికెడు నికెల్ ఉంటాయి. ప్రతి మూలకమూ ఒక సాక్ష్యం.

కరగని ప్రావార శిల పెరిడోటైట్‌లో మెగ్నీషియం ఆక్సైడ్ సుమారు 38 శాతం, అల్యూమినియం ఆక్సైడ్ 4 శాతానికి కొంచెం ఎక్కువ, కాల్షియం ఆక్సైడ్ సుమారు 3.5 శాతం. గానుగ ఆడినప్పుడు అల్యూమినియం, కాల్షియం నూనెతో జారిపోతాయి. మెగ్నీషియం, క్రోమియం పిండిలో మిగులుతాయి. బాగా పిండిన శిలలో పెరిగిన గార్నెట్‌లో అందుకే క్రోమియం ఎక్కువ, కాల్షియం తక్కువ. రంగు నేరేడు పండు వైపు మొగ్గుతుంది. ఉంగరాల్లో పెట్టే నారింజరంగు గోమేధికమూ గార్నెటే, కానీ దానిలో కాల్షియం నిండుగా ఉంటుంది, అది ప్రావారపు బిడ్డ కాదు.

దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త జాన్ గర్నీ ఈ తక్కువ కాల్షియం, ఎక్కువ క్రోమియం గార్నెట్‌లు వజ్రాలున్న పైపుల్లోనే ఎక్కువగా కనిపిస్తాయని చూపించారు. అప్పటి నుంచి వజ్రాల అన్వేషకులు ముందు గార్నెట్‌ల కోసం వాగుల ఇసుక జల్లిస్తున్నారు. వజ్రం లేదని విసిరేసిన గింజే వజ్రానికి దారి చూపుతుందన్నమాట. ఇలాంటి గార్నెట్ దొరికితే వజ్రం తప్పక ఉంటుందని మాత్రం అనుకోకూడదు. వజ్రం నిలిచే పరిస్థితులున్న శిలను ఆ బండి తాకి వచ్చిందని మాత్రమే అది చెబుతుంది.

పెద్దాయన ఇచ్చిన గింజల్ని రెసిన్‌లో పొదిగి, అద్దంలా సాన పట్టి, ఎలక్ట్రాన్ ప్రోబ్ కింద పెట్టాను. ఆ కిరణం మిల్లీమీటరులో వెయ్యోవంతు మేర తాకి, అక్కడ ఏ మూలకం ఎంత ఉందో చెబుతుంది. క్రోమియంతో పాటు కాల్షియం కూడా పెరిగిన గింజలవి, అంటే పూర్తిగా పిండని శిలవి. వజ్రాల వేటగాడికి నిరాశే. నాకు కాదు. గార్నెట్‌లోని నికెల్ అది పెరిగిన చోటి ఉష్ణోగ్రతను చెబుతుంది, వేడి పెరిగేకొద్దీ నికెల్ పెరుగుతుంది. విడి గింజ అంతవరకు చెప్పగలదు. లోతు గట్టిగా తెలియాలంటే గార్నెట్‌ను అంటిపెట్టుకుని ఎన్‌స్టటైట్ అనే మరో ప్రావార ఖనిజం ఉండాలి, ఒత్తిడి పెరిగేకొద్దీ ఎన్‌స్టటైట్‌లో అల్యూమినియం తగ్గుతుంది కాబట్టి. రాయిని పగలగొట్టి ఎర్రగింజను ఏరుకుంటే ఆ జంట విడిపోతుంది, లోతు చెప్పే సాక్ష్యం పోతుంది.

అపోహ: ప్రావారం అంతటా ఒకేలా ఉంటుంది.

పాత ఖండాల కింది శిల ఎక్కువగా పిండిన తెలకపిండి. దానిలోని ఆకుపచ్చ ఖనిజం ఆలివిన్‌లో, మెగ్నీషియం, ఇనుము పరమాణువులు రెండూ కలిపి లెక్కిస్తే, మెగ్నీషియం వాటా 92, 93 శాతం దాకా పోతుంది, కరగని శిలలో 89 దగ్గరే ఉంటుంది. అయితే పిండిన చాలా కాలానికి కింది నుంచి ద్రవాలు ఎక్కి, ఎండిన పిండిలోకి మళ్లీ పొటాషియం, టైటానియం, తేలికపాటి అరుదైన మృత్తిక మూలకాల్ని ఇంకించిన చోట్లూ ఉన్నాయి. ప్రావారపు ముక్కలో పొటాషియం ఉండే గోధుమరంగు అభ్రకం మెరిసిందంటే నాకు ముందు తట్టే అనుమానం అదే.

అపోహ: భూగర్భంలో మహాసముద్రం కనుగొన్నారు.

2014లో ఈ శీర్షిక అన్నిచోట్లా కనిపించింది. పాతాళగంగ నిజమైందని నాకు ఫోన్లు కూడా వచ్చాయి. బ్రెజిల్‌లోని జూఇనా ప్రాంతపు ఒక చిన్న గోధుమరంగు వజ్రంలో గ్రాహం పియర్సన్ బృందానికి రింగ్‌వుడైట్ అనే ఖనిజపు రేణువు దొరికింది. సుమారు 520 నుంచి 660 కిలోమీటర్ల లోతు మధ్య ఉండే ఖనిజం అది. ఆ రేణువు బరువులో సుమారు 1.5 శాతం నీరు ఉంది. కానీ అది పారే నీరు కాదు, స్ఫటికపు అల్లికలో ఇరుక్కున్న హైడ్రాక్సిల్, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ల జంట. రాయిని పిండినా చుక్క రాదు. ఆ వజ్రం కూడా నగల వర్తకుడు ముట్టుకోని రకమే.

వచ్చే వానకు వజ్రకరూరు వైపు వెళ్లేవారికి ఒక విన్నపం. నేరేడు రంగు గింజ గానీ, ఆకుపచ్చ రాతిలో పొదిగిన ఎర్రగింజ గానీ కనిపిస్తే పగలగొట్టకండి. ఏ చేను, ఏ వాగు పక్క, ఎంత లోతు మట్టిలో దొరికిందో ఒక కాగితం మీద రాసి, ఆ కాగితంతో పాటే సంచిలో వేయండి. పేరు తెలియని చోట దొరికిన గార్నెట్‌ను ప్రోబ్ కింద పెట్టినా, ఏ పైపు తెచ్చిందో నేను చెప్పలేను.