కచేరీలో ఎక్కడ నిలబడాలి?

చిరంజీవులకు ఆశీస్సులు.

మొదటిసారి పెద్ద కచేరీకి వెళ్తున్నారని విన్నాను. చాలా సంతోషం. పాటలన్నీ మీకు కంఠతా వచ్చు, వాటి గురించి నేను చెప్పక్కర్లేదు. చోటు గురించి చెబుతాను. అదే పాట, అదే రాత్రి, హాల్లో నాలుగడుగులు పక్కకు జరిగితే వేరుగా వినపడుతుంది. ఎందుకో తెలిస్తే మంచి చోటు ఎవరినీ అడగకుండా మీరే పట్టుకుంటారు.

స్టేజిని ఆనుకుని నిలబడాలని అందరికీ ఉంటుంది. గాయకుడి ముఖం దగ్గరగా కనిపిస్తుంది, నిజమే. గొంతు మాత్రం అక్కడ సరిగా వినపడదు. తల పైకెత్తి చూడండి: స్టేజికి రెండు వైపులా స్పీకరు పెట్టెలు ఒకదాని కింద ఒకటి వేలాడుతూ, కిందికి వచ్చేకొద్దీ నేలవైపు వంగి ఉంటాయి. దీన్నే లైన్ ఎరే అంటారు. పై పెట్టెలను హాలు చివరికి, కింది పెట్టెలను ముందు వరసలకు గురిపెడతారు. స్టేజి ముందు మధ్యలో నిలబడ్డవాళ్లు ఆ గురికి తప్పిపోతారు. వాళ్లకు ఎక్కువగా వినపడేది డ్రమ్ముల నుంచి నేరుగా వచ్చే మోత, గిటార్ ఆంప్లిఫయర్, పాడేవాళ్ల కోసం స్టేజి మీద పెట్టిన మానిటర్ల చప్పుడు. ఈ లోటు తీర్చడానికి స్టేజి అంచున చిన్న స్పీకర్లు పెడతారు గానీ, జనం ఒత్తుకుని నిలబడ్డాక వాటి శబ్దం ఎంతో దూరం పోదు.

లోపలికి వెళ్లగానే మిక్సర్ బల్ల, అంటే అన్ని మైకుల శబ్దాలనూ కలిపి సరిచేసే బల్ల, ఎక్కడుందో వెతకండి. సౌండ్ ఇంజనీరు తన చెవికి వినపడేదాన్ని బట్టే అన్నీ సరిచేస్తాడు కాబట్టి, ఆయన వినేది మీరూ వినాలంటే ఆ బల్లకు రెండు మూడు మీటర్ల ముందు నిలబడండి. నన్నడిగితే అన్నింటికన్నా ఖరీదైన టికెట్టు కన్నా ఆ చోటే మేలు.

అక్కడా బేస్, అంటే లోతైన మంద్ర స్వరాల, విషయంలో ఒక చిక్కుంది. బేస్ పలికే స్పీకర్లయిన సబ్‌వూఫర్లను స్టేజికి ఎడమా కుడీ పెట్టినప్పుడు, సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లకు రెండింటి శబ్దం ఒకేసారి చేరి బేస్ బాగా పెరుగుతుంది. పక్కకు జరిగితే ఒక సబ్ దగ్గరై, ఇంకొకటి దూరమవుతుంది. 60 హెర్ట్జ్ స్వరం ఒక అల పొడవు దాదాపు 5.7 మీటర్లు. రెండు సబ్‌లకూ మీకూ ఉన్న దూరాల్లో తేడా అందులో సగం, అంటే 2.85 మీటర్లు అయిందనుకోండి, ఒక అల గాలిని నొక్కే క్షణంలోనే ఇంకో అల లాగుతుంది. ఆ స్వరం అక్కడ దాదాపు మాయమవుతుంది. కొంచెం పక్కన నిలబడ్డవాడికి మాత్రం అది మామూలుగానే వినపడుతుంది. కచేరీ మొదలవ్వక ముందు పాటలు వేస్తారు కదా, అప్పుడు హాలు అడ్డంగా నెమ్మదిగా నడిచి చూడండి. బేస్ పెరగడం, తగ్గడం మీకే తెలుస్తుంది. వెనక గోడను ఆనుకుని మాత్రం నిలబడకండి, అక్కడ బేస్ పేరుకుపోతుంది. బాల్కనీ కింద లోపలికి పోయినా అంతే: పై స్పీకర్లు కనపడవు, ట్రెబుల్, అంటే హెచ్చు స్వరాలు, తగ్గి మాటలు ముద్దగా వినిపిస్తాయి. స్పీకరు మీ కంటికి కనపడకపోతే దాని ట్రెబుల్ మీ చెవికి చేరదని గుర్తుపెట్టుకోండి.

మొదటి పాట బాగా లేదని వెంటనే చోటు మార్చకండి. సౌండ్ చెక్ ఖాళీ హాల్లో చేస్తారు. జనం నిండాక ఒంటి బట్టలూ శరీరాలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి, ఇంజనీరు మళ్లీ సర్దుకోవాలి. వాలెస్ సబీన్ అనే భౌతికశాస్త్రవేత్త 1890ల చివర్లో హార్వర్డ్‌లో సరిగ్గా ఈ విషయాన్నే కొలిచాడు. ఐదు సెకన్లకు పైగా ప్రతిధ్వని నిలిచే ఒక లెక్చర్ హాల్లోకి సీటు కుషన్లు మోయించి, ఆర్గన్ పైపు మోగించి ఆపి, శబ్దం ఎంతసేపటికి అణిగిపోతుందో లెక్కపెట్టాడు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆయన లెక్కలతో కట్టిందే. అందుకని మూడో పాట దాకా ఓపిక పట్టండి.

మైదానంలో జరిగే కచేరీ అయితే మధ్యలో స్పీకర్లున్న స్తంభాలు కనిపిస్తాయి. 20 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. స్టేజికి 60 మీటర్ల దూరంలో ఉన్న స్తంభం దగ్గరికి అసలు శబ్దం రావడానికి 175 మిల్లీసెకన్లు పడుతుంది. తీగలో సిగ్నల్‌కు అంత సమయం పట్టదు కాబట్టి, స్తంభంలోని స్పీకర్లను అంతసేపు ఆపి వదలకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది. ఆ 175కి మరో పది పదిహేను మిల్లీసెకన్లు కలుపుతారు. ముందు చేరిన శబ్దం ఎటునుంచి వచ్చిందో మొత్తం శబ్దం అటునుంచే వచ్చినట్టు మెదడు లెక్కవేసుకుంటుంది. హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు 1949లో దీన్ని వివరించాడు. అందుకే స్తంభం పక్కనే ఉన్నా పాట స్టేజి మీద నుంచే వస్తున్నట్టు ఉంటుంది. వేడి ఒక్కో డిగ్రీ తగ్గితే శబ్దం వేగం సెకనుకు 0.6 మీటర్లు తగ్గుతుంది. సాయంత్రం 35 డిగ్రీలున్నది రాత్రికి 20కి దిగితే, ఆ 60 మీటర్లకే నాలుగైదు మిల్లీసెకన్ల తేడా వస్తుంది, స్తంభం స్పీకర్లను ఆపే సమయాన్ని మళ్లీ సరిచేయాలి.

మైకు కుయ్యిమని కూసినప్పుడు అందరూ ఇంజనీరు వైపు చూస్తారు. చాలాసార్లు తప్పు ఆయనది కాదు. పాడేవాళ్ల చెయ్యి ఎక్కడుందో చూడండి. స్టేజి మైకులు ఎక్కువగా ముందు నుంచి వచ్చే శబ్దాన్ని తీసుకుని, వెనక నుంచి వచ్చేదాన్ని వదిలేస్తాయి. 1966లో వచ్చి ఇవాళ్టికీ స్టేజీల మీద కనిపించే షూర్ కంపెనీ ఎస్ఎం58 మైకు కూడా ఇలాంటిదే. జాలీ కింద ఉన్న సన్నని దారుల గుండా వెనక శబ్దం, మైకు లోపల శబ్దానికి కదిలే పొరకు రెండో వైపు నుంచి కూడా చేరి, ముందువైపు చేరినదాన్ని రద్దు చేస్తుంది. జాలీని గుప్పిట్లో మూసేస్తే ఆ దారులు మూసుకుపోతాయి, మైకు అన్ని వైపుల శబ్దాన్నీ లాక్కుంటుంది. మానిటర్‌లో నుంచి వచ్చిన గొంతు మళ్లీ మైకులోకి దూరి, పెరిగి, మళ్లీ మానిటర్‌లోకి పోతుంది. ఆ చక్రమే కూత. ఎప్పుడైనా మీరు మైకు పట్టుకుంటే గొట్టం దగ్గర పట్టుకుని, నోటికి రెండు మూడు అంగుళాల్లో ఉంచండి.

ఇక చెవులు. దీంట్లో మొహమాటం వద్దు. 85 డెసిబెల్స్ మోత ఎనిమిది గంటలు వినడానికి పరిమితి అనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ సమయం సగమవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలే. రెండు గంటల కచేరీకి అది ఏ మూలకూ చాలదు. చెవి లోపల శబ్దాన్ని పట్టే రోమకణాలు చచ్చిపోతే మళ్లీ మొలవవు. కాబట్టి చెవిలో పెట్టుకునే ప్లగ్గులు తీసుకెళ్లండి. ఫోమ్ ప్లగ్గును వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి నెట్టి, అది ఉబ్బేదాకా ముప్పై సెకన్లు వేలితో పట్టుకోండి. సగం బయటికి కనపడుతుంటే పెట్టినట్టు కాదు. సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే అరచేతులతో చెవులు మూయండి. మోత ఇంకా బాగా తగ్గితే మళ్లీ పెట్టుకోవాలి. ఫోమ్ ట్రెబుల్‌నే ఎక్కువ మింగుతుంది. సంగీతం కోసం ఫిల్టరు పెట్టి చేసిన ప్లగ్గులు అన్ని స్వరాలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. పాటంటే ఇష్టమున్నవాళ్లు అవే కొనుక్కోవాలి. ఇంటికొచ్చాక చెవిలో గుయ్‌మంటుంటే ఆ రాత్రీ మర్నాడూ హెడ్‌ఫోన్లు ముట్టుకోకండి.

ఇంట్లో వినడానికీ ముందు చోటే చూసుకోవాలి. రెండు స్పీకర్ల మధ్య దూరం ఎంతో, ఒక్కో స్పీకరుకూ మీకూ అంతే ఉండాలి. స్పీకరులో ట్రెబుల్ పలికే చిన్న భాగం, ట్వీటర్, చెవి ఎత్తున ఉండాలి. గోడ మూలల్లో పెడితే బేస్ బుస్సుమంటుంది, ముందు ఓ అర మీటరు ముందుకు జరిపి వినండి. పక్క గోడ మీద ఒకరు చిన్న అద్దం జరుపుతూ పోవాలి, మీరు కూర్చున్న చోటు నుంచి ఆ అద్దంలో స్పీకరు ఎక్కడ కనపడితే అక్కడ మందపాటి కర్టెనో పుస్తకాల అలమరో పెట్టండి. ఖరీదైన తీగల జోలికి పోవద్దు. పది మీటర్ల లోపు దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ధారాళంగా సరిపోతుంది. తీగలు బిగించేటప్పుడు ఆంప్లిఫయర్ ఎరుపు స్పీకరు ఎరుపుకే, నలుపు నలుపుకే వెళ్లాలి. ఒక్క స్పీకరుకు తారుమారైనా రెండింటి అలలూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. సరి చూసుకోవాలంటే మోనోలో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేలా, ఒక గొంతు పెట్టి మధ్యలో కూర్చోండి. గొంతు సరిగ్గా నడిమధ్య నుంచి రావాలి. అలా రాకుండా రెండు పక్కలకూ చెదిరిపోయి, బేస్ కూడా పలచబడితే, స్విచ్ ఆపి ఏదో ఒక్క స్పీకరు తీగలు మార్చి బిగించండి.

మీ పెదనాన్న