న్యూరోసైన్స్ ఎప్పుడు వేరు పడింది?

న్యూరోసైన్స్, అంటే మెదడు, నాడుల శాస్త్రం, చదవాలంటే బైపీసీలో చేరాలా, లేక తర్వాత డిగ్రీలో సైకాలజీ తీసుకోవాలా అని పదో తరగతి అమ్మాయి ఒకరు అడిగింది. పదిహేనేళ్లకే పిల్లల్ని ఎంపీసీ, బైపీసీ అని విడగొట్టే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. శాస్త్రాల మధ్య హద్దులు కదులుతూనే ఉంటాయి. ఆ కదలికను లెక్కగట్టినవాళ్లు కూడా ఉన్నారు.

ఎవరి పనిని వాడుకున్నారో పరిశోధకులు పేపర్ చివర రాస్తారు. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో ఈ సైటేషన్లకు సూచిక తెచ్చాడు. 2008లో మార్టిన్ రోస్వాల్, కార్ల్ బెర్గ్‌స్ట్రామ్ అనే పరిశోధకులు 6,128 జర్నళ్ల (పరిశోధన పత్రికల) మీద ఒక ఊహాపాఠకుణ్ణి వదిలారు. అతను ఏదో ఒక సైటేషన్ పట్టుకుని ఇంకో జర్నల్‌కి, అక్కణ్ణుంచి మరోదానికి వెళ్తూనే ఉంటాడు. ఒక్కో జర్నల్‌కి 0, 1 బిట్లతో ఒక కోడ్ ఇచ్చి, ఆ నడకను అతి తక్కువ బిట్లలో రాయాలంటే ఎలా? ఈ ప్రశ్న అడగడంలోనే ఉంది అద్భుతమంతా.

విజయవాడలో గాంధీనగర్ ఉంది, హైదరాబాద్‌లోనూ ఉంది. అయినా ఎవరూ తికమకపడరు. ఊళ్లో ఉన్నంతసేపు ఆటో అతనికి ‘గాంధీనగర్’ అంటే చాలు, ఊరు మారినప్పుడే ఊరి పేరు కావాలి. జర్నళ్లకూ అంతే. పొట్టి కోడ్‌లను ప్రతి గుంపులోనూ మళ్లీ వాడుకోవచ్చు, గుంపు దాటితేనే అదనంగా బిట్లు ఖర్చు. ఊళ్లు మరీ చిన్నవైతే మాటిమాటికీ ఊరి పేరు చెప్పాలి. రెండు రాష్ట్రాలూ కలిపి ఒకే ఊరనుకుంటే రెండో గాంధీనగర్‌కి వేరే పేరు వెతకాలి, అలా పేర్లు పొడుగైపోతాయి. మధ్యలో ఎక్కడో ఖర్చు కనిష్ఠం. దాన్ని కనుక్కోవడానికి కోడ్‌లు రాయక్కర్లేదు: గుంపులు దాటే కోడ్‌కూ, ఒక్కో గుంపు లోపలి కోడ్‌కూ షానన్ ఎంట్రపీ (సగటున కనీసం ఎన్ని బిట్లు కావాలో చెప్పే లెక్క) కట్టి, ఏది ఎంత తరచుగా వాడతామో దానితో గుణించి కూడితే అడుగుకి సగటు బిట్లు వస్తాయి. ఆ మొత్తం ఏ విభజనలో అన్నిటికన్నా తగ్గితే అవే హద్దులు. ఇది ఫిజిక్స్, ఇది బయాలజీ అని ముందుగా ఎవరూ చెప్పలేదు!

2010లో వాళ్లే ఇదే లెక్కను వేర్వేరు సంవత్సరాల సైటేషన్లకు వేశారు. 2001లో మెదడు, నాడుల జర్నళ్లు కొన్ని అణుజీవశాస్త్రంలో, కొన్ని న్యూరాలజీలో, కొన్ని సైకాలజీలో ఉన్నాయి. 2003లో ఊగిసలాట. 2005కి వాటి మధ్య రాకపోకలు ఎంత చిక్కబడ్డాయంటే, వాటన్నిటినీ ఒకే కొత్త ఊరిగా లెక్కిస్తేనే బిట్లు ఆదా అయ్యాయి. డేటాను కొద్దికొద్దిగా కదిపి పదేపదే లెక్కేసినా ఆ ఊరు చెదరలేదు. అమెరికాలో న్యూరోసైన్స్ సొసైటీ 1969లోనే పుట్టింది. సైటేషన్లలో వేరు పడటానికి మాత్రం ఇంత కాలం పట్టింది.