ఏపీఐ పేజీల మీద నిఘా: డెవలపర్లలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

మన కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా ప్రొడక్షన్‌లో నడుస్తున్న అప్లికేషన్ ఆగిపోవచ్చు. పేమెంట్లు, లాగిన్, మ్యాపులు, క్లౌడ్ స్టోరేజీ వంటి పనులకు మనం ఆధారపడే ఏపీఐలు (మన ప్రోగ్రామ్ మరొకరి సేవను వాడుకునే దారులు) వేరొకరి చేతుల్లో ఉంటాయి. వాటి నియమాలు వాళ్ల డాక్యుమెంటేషన్ పేజీల్లో, వాళ్లకు వీలైన రోజున మారుతుంటాయి. అందుకే ఆ పేజీలను కనిపెట్టుకుని ఉండే పనిముట్లను చాలా టీమ్‌లు వాడుతున్నాయి. వాడుతూ కూడా దెబ్బతింటున్న టీమ్‌లను నేను తరచుగా చూస్తుంటాను. పనిముట్టు తన పని తాను సరిగానే చేస్తుంటుంది. దాని మీద పెట్టుకున్న కొన్ని నమ్మకాలే సరైనవి కావు.

అపోహ: పేజీలో ఏది మారినా అలర్ట్ వచ్చేలా పెట్టుకుంటే ఏదీ తప్పిపోదు.

వాస్తవం: ఇలా పెట్టుకున్నవాళ్లే అందరికంటే ముందుగా అలర్టులు చూడడం మానేస్తారు. ఏదైనా ఒక డాక్యుమెంటేషన్ పేజీ హెచ్‌టీఎంఎల్‌ను కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు దించుకుని, రెండు ప్రతులనూ డిఫ్ చేసి, అంటే తేడాలు పోల్చి, చూడండి. భద్రత కోసం స్క్రిప్ట్ ట్యాగుల్లో పెట్టే నాన్స్ (ఒక్కసారికే చెల్లే యాదృచ్ఛిక సంఖ్య) విలువ ప్రతి రిక్వెస్టుకూ మారుతుంది. సైట్‌ను మళ్లీ బిల్డ్ చేసినప్పుడు సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్ల పేర్లలోని హ్యాష్ (ఫైలు పాఠాన్ని బట్టి లెక్కించే గుర్తు) మారుతుంది. పక్క మెనూలో మనకు సంబంధం లేని కొత్త లింకు ఒకటి చేరుతుంది. పేజీ మొత్తానికి హ్యాష్ కట్టి పోల్చే స్క్రిప్టుకు ఇవన్నీ మార్పులే, కాబట్టి అది రోజూ అలర్ట్ పంపుతూనే ఉంటుంది. యూఆర్‌ఎల్‌వాచ్ వంటి పనిముట్లలో సీఎస్ఎస్ సెలెక్టర్‌తో (పేజీలో ఒక భాగాన్ని గుర్తించే సూచనతో) పేజీ ప్రధాన భాగాన్ని మాత్రమే ఎంచుకుని, ట్యాగులన్నీ తీసేసి, మిగిలిన పాఠ్యాన్ని వరుసవారీగా పోల్చే వీలుంది. ఆ కాస్త శ్రమ తప్పకుండా పడాలి. పారామీటర్ల పట్టికలో ‘ఐచ్ఛికం’ అని ఉన్నచోట ‘తప్పనిసరి’ అని మారిస్తే అది ఒక్క పదం మార్పు. రెండువందల వరుసల డిఫ్‌లో అది కంటికి ఆనదు, ఒక్క వరుస డిఫ్‌లో ఎంత తొందరలో ఉన్నవాళ్లకైనా కనిపిస్తుంది.

అంతకంటే మేలైన దారి ఉన్నప్పుడు అసలు పేజీ జోలికే వెళ్లనక్కర్లేదు. కుబర్నెటీస్ (కంటైనర్లను నడిపే వ్యవస్థ), గిట్‌హబ్, ఎండీఎన్ (వెబ్ సాంకేతికతల రిఫరెన్సు) డాక్యుమెంటేషన్ల మూలపాఠం పబ్లిక్ రిపాజిటరీల్లోనే ఉంది. మనకు కావలసిన ఫైలు కమిట్ల (నమోదైన మార్పుల) చరిత్రను గిట్‌హబ్ ఆటమ్ ఫీడ్‌గా, అంటే కొత్తవి చేరుతూ ఉండే జాబితాగా, ఇస్తుంది, ఏం మారిందన్న దానితోపాటు ఎందుకు మారిందో కూడా కమిట్ సందేశంలో చాలాసార్లు దొరుకుతుంది. సంస్థ తన ఓపెన్‌ఏపీఐ స్పెసిఫికేషన్ ఫైలును (ఏపీఐని యంత్రం చదవగలిగేలా వివరించేదాన్ని) ప్రచురిస్తుంటే ఇంకా మంచిది. ఓఏఎస్‌డిఫ్ వంటి పనిముట్టు పాత, కొత్త ఫైళ్లను పోల్చి, పాత క్లయింట్లను విరగ్గొట్టే మార్పులేవో విడిగా చూపిస్తుంది.

అపోహ: ఎంత తరచుగా చూస్తే అంత భద్రం.

వాస్తవం: డాక్యుమెంటేషన్ మార్పుకు మనం స్పందించేది రోజుల్లో, వారాల్లో, కాబట్టి చాలా పేజీలకు రోజుకు ఒకటి రెండుసార్లు చాలు. నిమిషానికోసారి అడిగితే 429 జవాబులు (మితిమీరి అడుగుతున్నారన్న కోడ్), ఆపైన ఐపీ నిషేధం మిగులుతాయి. సర్వర్ ఈట్యాగ్ (పేజీ ప్రతికి ఇచ్చే గుర్తు) ఇస్తుంటే దాన్ని దాచుకుని మరుసటిసారి ఇఫ్-నన్-మ్యాచ్ హెడర్‌లో పంపాలి. మార్పు లేకపోతే పేజీ పాఠం లేకుండా 304 (మారలేదన్న కోడ్) మాత్రమే వస్తుంది. గిట్‌హబ్ రెస్ట్ ఏపీఐలో టోకెన్‌తో చేసిన ఇలాంటి రిక్వెస్టుకు 304 వస్తే అది ప్రధాన రేట్ లిమిట్ లెక్కలోకి కూడా రాదు. వెంటనే తెలియాల్సిన సమాచారం కొంత లేకపోలేదు. అమెజాన్ క్లౌడ్ తన ఐపీ శ్రేణులను ఒక జేసన్ ఫైలులో ప్రచురిస్తుంది, ఫైర్‌వాల్ నియమాలను దాని ఆధారంగా రాసుకున్నవాళ్లకు ఆలస్యం పనికిరాదు. కానీ ఆ ఫైలు మారినప్పుడు తెలియజేయడానికి ఎస్‌ఎన్‌ఎస్ (అమెజాన్ సందేశాల సేవ) నోటిఫికేషన్‌ను వాళ్లే ఇస్తున్నారు కాబట్టి, పదే పదే వెళ్లి అడగాల్సిన పని అక్కడా లేదు.

అపోహ: చేంజ్‌లాగ్‌కు (సంస్థ ప్రచురించే మార్పుల జాబితాకు) సబ్‌స్క్రయిబ్ అయితే సరిపోతుంది.

వాస్తవం: చేంజ్‌లాగ్‌లో ఉండేది, రాసినవాళ్ల దృష్టిలో మార్పు అనిపించుకున్నది మాత్రమే. 2020 నవంబరులో కంటైనర్ ఇమేజ్‌లను పంచే డాకర్ హబ్ ఇమేజ్ పుల్స్‌కు (డౌన్‌లోడ్లకు) పరిమితి అమలు చేయడం మొదలుపెట్టింది. లాగిన్ లేకుండా వాడేవాళ్లకు ఆరు గంటలకు 100, ఉచిత ఖాతాతో లాగిన్ అయినవాళ్లకు 200 అన్నది అప్పటి నియమం. యూఆర్‌ఎల్ అదే, రిక్వెస్టు అదే, ఇమేజ్ అదే. అయినా ఒకే ఐపీ వెనుక నడిచే సీఐ బిల్డులు (కోడ్ మారినప్పుడల్లా తామే నడిచే బిల్డులు) 429తో ఆగిపోయే పరిస్థితి వచ్చింది. రెడిట్ 2023లో తన ఏపీఐకి పెట్టిన ధరలు కూడా ఇలాంటివే: సాంకేతికంగా ఏ ఎండ్‌పాయింటూ (ఏపీఐలో మనం పిలిచే చిరునామా) విరగలేదు, కానీ రెడిట్ చదవడానికి వాడే అపోలో వంటి యాప్‌లు ఆ జూన్ నెలాఖరుకు మూతపడ్డాయి. అందువల్ల రేట్ లిమిట్ల పేజీ, ధరల పేజీ, వినియోగ నిబంధనల పేజీ కూడా నిఘా జాబితాలో ఉండాలి. నా అభిప్రాయంలో రిఫరెన్సు పేజీలకంటే ఇవే ముందుండాలి, ఎందుకంటే వీటిలో వచ్చే మార్పును ఒక్క కోడ్ సవరణతో సర్దుకోవడం చాలాసార్లు కుదరదు.

అపోహ: పేజీ మారలేదంటే ఏపీఐ మారలేదు.

వాస్తవం: పేజీ చెప్పేది ఒప్పందం, సర్వర్ చేసేది ప్రవర్తన. రెండింటి మధ్య ఎడం ఎప్పుడూ కొంత ఉంటుంది. పేమెంట్ల సంస్థ స్ట్రైప్ తన దృష్టిలో పాత కోడ్‌కు ఇబ్బంది కలిగించని మార్పులేవో ముందే జాబితాగా ఇచ్చింది: జవాబులో కొత్త ఫీల్డులు చేరవచ్చు, ఫీల్డుల వరుస మారవచ్చు, ఐడీల పొడవు మారవచ్చు. ఐడీ కాలమ్‌కు డేటాబేసులో సరిగ్గా ఇవాళ్టి పొడవే కేటాయించుకున్నవాళ్లకు అది ఇబ్బందే అవుతుంది, కానీ ఏ పేజీలోనూ ఆ రోజు ఒక్క పదం మారదు. వాడేవాళ్లు తగినంతమంది ఉంటే, పైకి కనిపించే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడతారని చెప్పే హైరమ్ సూత్రం, గూగుల్‌లో పనిచేసిన హైరమ్ రైట్ పేరుతో ప్రసిద్ధమైనది, ఈ సంగతినే పట్టి చూపుతుంది. పేజీలను చూడడంతోపాటు, మనం వాడే ఫీల్డులు, వాటి రకాలు, ఎర్రర్ కోడ్‌లు అలాగే ఉన్నాయా అని టెస్ట్ ఖాతా మీద రోజూ ఒకసారి పరీక్షించే చిన్న కాంట్రాక్ట్ టెస్టులు ఉండాలి.

హెచ్చరిక చాలాసార్లు జవాబులోనే వస్తుంది. ఒక వనరు ఎప్పుడు పనిచేయడం మానేస్తుందో చెప్పే సన్‌సెట్ హెడర్‌ను 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8594 (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) నిర్వచించింది. వాడకం మానుకోమని చెప్పే డిప్రికేషన్ హెడర్ 2025లో ఆర్‌ఎఫ్‌సీ 9745గా వచ్చింది. కుబర్నెటీస్ 1.19 నుంచి, వాడకం మానుకోమని చెప్పిన ఏపీఐని పిలిస్తే సర్వర్ వార్నింగ్ హెడర్ పంపుతుంది, దాని కమాండ్ పనిముట్టు కుబ్‌సీటీఎల్ దాన్ని తెరమీద చూపిస్తుంది. బయటి రిక్వెస్టులను లోపలి సేవలకు మళ్లించే ఇంగ్రెస్ ఏపీఐ పాత బీటా వెర్షన్లను 1.22లో, అంటే 2021 ఆగస్టులో తొలగించారు. కొత్త వెర్షన్‌లో పాత్‌టైప్ అనే ఫీల్డు తప్పనిసరి అయింది కాబట్టి పాత యామెల్ (సెట్టింగుల) ఫైలులో వెర్షన్ పేరొక్కటే మారిస్తే కుదరలేదు. ఆ హెచ్చరిక అప్పటికి ఏడాదిగా తెరమీద కనిపిస్తూనే ఉంది. మీ హెచ్‌టీటీపీ క్లయింటులో ఈ మూడు హెడర్లను లాగ్ చేసే నాలుగు వరుసలు రాయండి. ఏ పేజీ నిఘాకన్నా కచ్చితమైన సమాచారం అదే, ఎందుకంటే అది మీరు నిజంగా పిలుస్తున్న ఎండ్‌పాయింటు గురించే చెబుతుంది.

అపోహ: వెర్షన్ పిన్ చేశాం (ఒకే వెర్షన్‌ను వాడేలా కట్టేశాం) కాబట్టి నిశ్చింత.

వాస్తవం: పిన్ చేయడం గడువు ఇస్తుంది, అంతే. గిట్‌హబ్ కొత్త రెస్ట్ వెర్షన్ తెచ్చాక పాతదాన్ని కనీసం 24 నెలలు నడుపుతామంటుంది. పైగా ప్రామాణీకరణ వంటివి వెర్షన్ పరిధిలో ఉండవు: 2020 నవంబరు 13న గిట్‌హబ్ ఏపీఐలో పాస్‌వర్డ్‌తో ప్రామాణీకరణ ఆగిపోయింది.

అపోహ: అలర్ట్ రాలేదంటే మార్పు లేదు.

వాస్తవం: అన్నిటిలోకీ ప్రమాదకరమైన నమ్మకం ఇది. సైట్ రూపం మార్చినప్పుడు మన సెలెక్టర్‌కు ఏదీ దొరకక ఖాళీ పాఠం వస్తుంది. ఖాళీని ఖాళీతో పోల్చి పనిముట్టు రోజూ ‘మార్పు లేదు’ అంటుంది. బాట్లను ఆపే పేజీ 200 (అంతా సరే అన్న) కోడ్‌తోనే రావచ్చు. జావాస్క్రిప్ట్‌తో నిండే పేజీ అయితే మామూలు రిక్వెస్టుకు దక్కేది ఖాళీ చట్రమే. అందుకని తెచ్చిన పాఠం కనీస పొడవు ఉందా, ఎప్పుడూ ఉండే ఒక శీర్షిక అందులో కనిపిస్తోందా అని ప్రతిసారీ తనిఖీ చేసి, లేకపోతే దాన్ని వైఫల్యంగా నమోదు చేయాలి. ఆ వైఫల్యం టీమ్ ఛానెల్‌లో పడి ఉండకుండా, ఆ ఏపీఐ బాధ్యత చూసే ఒక వ్యక్తి పేరు మీద టికెట్‌గా తెరుచుకోవాలి.