అనుమానమే నేరంగా నూరేళ్లు: హైదరాబాద్ హిజ్రాల చట్టం కథ

2023 జులై 6న తెలంగాణ హైకోర్టు ఒక పాత చట్టాన్ని కొట్టేసింది. పేరు తెలంగాణ యూనక్స్ యాక్ట్, 1329 ఫస్లీ. ఫస్లీ అంటే నిజాం కాలంలో వాడిన సంవత్సర లెక్క; మన లెక్కలో ఇది 1919 నాటిది. నిజాం పాలన పోయినా, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా, తెలంగాణ వచ్చినా ఇది చట్టాల పుస్తకంలో అలాగే ఉండిపోయింది. ట్రాన్స్‌జెండర్లకు జరిగే అన్యాయం మీద ఇన్నాళ్లూ వాళ్లే ఎందుకు గొంతెత్తలేదని అడిగేవాళ్లు ముందు ఇందులో ఏం రాసుందో చూడాలి.

హైదరాబాద్‌లో ఉండే హిజ్రాల పేర్లతో ప్రభుత్వం ఒక రిజిస్టర్ పెట్టాలి. మగపిల్లల్ని ఎత్తుకుపోతారనో, వాళ్ల మగతనం తీసేస్తారనో, ‘అసహజ నేరాలు’ చేస్తారనో అనుమానం ఉంటే పేరు ఎక్కించొచ్చు. కోర్టులో నేరం రుజువు కానక్కర్లేదు. పేరు ఎక్కిన మనిషి ఆడవాళ్ల బట్టలతో, నగలతో వీధిలో కనిపించినా, జనం ముందు నాట్యం చేసినా వారెంటు లేకుండా పట్టుకెళ్లొచ్చు. రెండేళ్ల దాకా జైలు. 16 ఏళ్ల లోపు మగపిల్లాడు ఇంట్లో ఉన్నా నేరమే. చీర కట్టుకుని బయటికి రావడమే నేరమైనప్పుడు, తనకు జరిగిన అన్యాయం చెప్పుకోవడానికి పోలీస్ స్టేషన్ మెట్లు ఎవరెక్కుతారు?

ఈ ఆలోచన బ్రిటిష్ వాళ్లది. 1852లో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురిలో భూరా అనే హిజ్రా హత్యకు గురైంది. చనిపోయింది హిజ్రా అయినా, ఆ కేసు తర్వాత అధికారుల చూపు పడింది హిజ్రాలందరి మీద. వాళ్లను అదుపులో పెట్టాలన్న వాదన పెరుగుతూ పోయి, 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్‌లో రెండో భాగంగా తేలింది. పేరు నమోదైనవాళ్లు వీలునామా రాయకూడదు, దత్తత తీసుకోకూడదు. గురువు ఆస్తి చేలాకి, అంటే శిష్యురాలికి, చేరే దారి దాంతో మూసుకుపోయింది. ఈ సముదాయం మెల్లమెల్లగా అంతరించిపోవాలన్నదే అప్పటి అధికారుల ఉద్దేశం. ఎరుకలవాళ్లకు పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేసి స్టూవర్టుపురంలో పెట్టింది కూడా ఈ కోవ చట్టాలే. క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ 1952 నాటికి దేశమంతటా రద్దయింది. దాని పోలికలతో వచ్చిన హైదరాబాద్ చట్టాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు, తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని తీర్పిచ్చింది. అయినా పాత చట్టం కదల్లేదు. 2018లో ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు హైకోర్టులో పిల్ వేశారు. ఇలాంటి చట్టం ఉన్న ఊళ్లో, తమ పేర్లు తామే కోర్టు కాగితాల మీద పెట్టి నిలబడడం చిన్న విషయం కాదు. చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి బెంచ్, రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు ఇది విరుద్ధమని చెప్పింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పెన్షన్ ఇవ్వాలని కూడా ఆదేశించింది.

ఈలోగా పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ల హక్కుల పేరుతో ఇంకో చట్టం చేసింది. 2016 బిల్లులో ట్రాన్స్‌జెండర్ అవునో కాదో తేల్చడానికి స్క్రీనింగ్ కమిటీ పెట్టారు. దేశమంతా నిరసనలు లేచాక దాన్ని తీసేశారు. కానీ 2019లో పాసైన చట్టంలో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తిపై లైంగిక దాడికి శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లే. మహిళపై అత్యాచారానికైతే కనీసం పదేళ్లు. ఇంత తేడా ఎందుకో ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు. దీనికి తోడు, ఐపీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ‘అసహజ నేరాల’ మీద ఉన్న పాత సెక్షన్ 377 లేదు. ఇష్టం లేకుండా చేసిన దాడికి అంతకుముందు దాని కిందైనా గట్టి కేసు పెట్టే వీలుండేది. దాని బదులు ఏ సెక్షనూ పెట్టకుండానే తీసేశారు. హక్కుల కార్యకర్తలు ఇప్పుడు అడుగుతున్నది ఆ ఖాళీని పూరించమనే.