లైట్లు వెలుగుతున్నా సెల్ఫ్ ఎందుకు తీసుకోదు?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా పక్క ఫ్లాట్ వాళ్లు వేసవి సెలవులకు వెళ్లి నెల తర్వాత వచ్చారు. సెల్లారులో పెట్టిన వాళ్ల కారు సెల్ఫ్ తీసుకోవడం లేదు. మా కారు నుంచి జంపర్ వైర్లు వేసుకుంటాం అంటున్నారు. ఇవ్వొచ్చా? మా బ్యాటరీ దిగిపోదా? ఇంకో విచిత్రం, ఆయన కారుకు లైట్లు వెలుగుతున్నాయి, హారన్ కూడా మోగుతోంది. తాళం తిప్పితే మాత్రం టక్ టక్ మని ఆగిపోతోంది."

ఇవ్వొచ్చు. మీ బ్యాటరీ దిగిపోదు. కానీ ఆ టక్ టక్ సంగతి తెలుసుకోకుండా మాత్రం వైర్లు పట్టుకోకండి. ఈ వ్యవహారంలో ఉన్న సైన్సంతా ఆ చప్పుడులోనే ఉంది.

ముందు దిగిపోతుందన్న భయం సంగతి చూద్దాం. దీపాలు పెట్టే వేళ ఉప్పు, పెరుగు, సూది చేతికివ్వని ఇళ్లు మనకు ఇంకా ఉన్నాయి. బ్యాటరీని కూడా చాలామంది ఆ జాబితాలోనే వేసుకున్నారు. లెక్క వేస్తే ఆ భయం పోతుంది. చిన్న పెట్రోలు కారు స్టార్ట్ కావడానికి సుమారు 150 ఆంపియర్ల కరెంటు మూడు సెకన్లు కావాలనుకోండి. ఆంపియర్లను సెకన్లతో గుణిస్తే వచ్చేవి కూలుంబులు, అంటే 450 కూలుంబులు. 45 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 1,62,000 కూలుంబులు. పోయింది వెయ్యిలో మూడు పాళ్లు కూడా కాదు. మీ ఇంజిను నడుస్తుంటే దాంతో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు దాన్ని ఒకటి రెండు నిమిషాల్లో నింపేస్తుంది. కరెంటు ఇస్తే లక్ష్మి వెళ్లిపోదు.

ఇక టక్ టక్. రెండు హాలోజన్ హెడ్‌లైట్లు కలిపి తాగేది తొమ్మిది ఆంపియర్లు. సెల్ఫ్ మోటారు అడిగేది దానికి పదిహేను, ఇరవై రెట్లు. డీజిల్ బండి అయితే ఇంకా ఎక్కువ. తొమ్మిది ఇవ్వగలిగే బ్యాటరీ 150 ఇవ్వగలగాలని రూలేమీ లేదు. అడ్డుపడేది బ్యాటరీ లోపలి నిరోధం. ఇంటర్ ఫిజిక్సులో దాన్ని చిన్న 'ఆర్' అక్షరంగా నేర్పి వదిలేస్తారు. బెజవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల హాస్టళ్లలో చదివే ఏ పిల్లవాడిని లేపినా ఆ లెక్క అర నిమిషంలో చేస్తాడు. ఆ 'ఆర్' తన నాన్నగారి కారు బానెట్ కింద కూర్చుని ఉందని మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పినా పరీక్షలో రాదు కదా.

మీ అపార్ట్‌మెంటు మీద నీళ్ల ట్యాంకు ఊహించుకోండి. ట్యాంకు ఎత్తు వోల్టేజీ. కిందికి వచ్చే పైపు వెడల్పును బట్టి నిరోధం. కుళాయి చుక్కలు చుక్కలుగా వదిలితే పైపు ఎంత సన్నగా ఉన్నా నీళ్లు వస్తాయి, ఒత్తిడి కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. హెడ్‌లైట్లు అదే. ఒక్కసారిగా అన్ని కుళాయిలూ బార్లా తిప్పితే పైపు సామర్థ్యం బయటపడుతుంది. ట్యాంకు నిండుగానే ఉంటుంది, కింద మాత్రం ధార ఉండదు. బోరు నీళ్లలోని ఉప్పు ఏళ్ల తరబడి పైపులో గార కట్టినట్టే బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. బ్యాటరీ కరెంటు ఇచ్చినప్పుడల్లా ఈ సల్ఫేట్ పుడుతుంది, చార్జింగ్‌లో కరిగిపోతుంది. అది సహజమే. దిగిన బ్యాటరీని అలాగే వారాలు వదిలేస్తే సన్నని స్ఫటికాలు పెద్దవై గట్టిపడతాయి. అప్పుడు అవి కరగవు. ట్యాంకు సగం ఖాళీ, పైపు సగం పూడిక.

ఇప్పుడు అంకెలు పెడదాం. బాగున్న బ్యాటరీ 12.6 వోల్టులు, లోపలి నిరోధం 8 మిల్లీఓములు అనుకోండి. 150 ఆంపియర్లు లాగితే లోపలే 1.2 వోల్టులు పోతాయి, 11.4 మిగులుతాయి. మోటారు తిరుగుతుంది. పక్కింటివారి బ్యాటరీ 12 వోల్టులు, నిరోధం 40 మిల్లీఓములు. అదే 150 లాగబోతే లోపలే 6 వోల్టులు పోతాయి! మిగిలిన ఆరుతో ఏం తిరుగుతుంది? సెల్ఫ్‌లోని సోలినాయిడ్, అంటే స్విచ్చును కదిలించే తీగచుట్ట అయస్కాంతం, కొద్ది కరెంటుతో టక్కున లోపలికి లాగుతుంది, పెద్ద స్విచ్చు కలుస్తుంది, మోటారు కరెంటు గుంజుతుంది, వోల్టేజీ కూలుతుంది, సోలినాయిడ్‌ను పట్టి ఉంచే బలం పోయి స్విచ్చు విడిపోతుంది. కరెంటు ఆగగానే వోల్టేజీ లేస్తుంది. మళ్లీ టక్. సెకనుకు కొన్నిసార్లు ఈ నాటకం నడుస్తుంది. ఆ క్షణంలో లైట్లు డిమ్ము అవుతాయో లేదో చూడమనండి. కచ్చితంగా అవుతాయి.

నెల రోజుల్లో బ్యాటరీ ఎందుకు దిగింది? కారు ఆగినా అలారం, గడియారం, కంప్యూటర్ పెట్టెలు కలిసి ఓ 40 మిల్లీఆంపియర్లు తాగుతూనే ఉంటాయి. రోజుకు దాదాపు ఒక ఆంపియర్-అవర్. నెలకు 29. జీపీఎస్ ట్రాకరో, డాష్‌క్యామో పెట్టించుకుంటే అది అదనం. దానికి తోడు మన ఎండ. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం రమారమి రెట్టింపవుతుందని కెమిస్ట్రీవాళ్ల మోటు లెక్క. పలకలు తినేసుకుపోవడం, తనంతట తాను డిశ్చార్జ్ కావడం, నీరు ఆవిరైపోవడం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. చలి దేశాల్లో బ్యాటరీ శీతాకాలం పొద్దున మొరాయిస్తుంది. రెంటచింతల, బెజవాడ లాంటి చోట్ల మేలోనే లోపల చచ్చిపోయి, జూన్‌లోనో జులైలోనో బయటపడుతుంది. అన్నట్టు, నీళ్లు పోసే రకం బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. తాగే క్యాను నీళ్లు పోసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

జంపర్ వైరు వేయడమంటే పక్కింటి ట్యాంకు నుంచి గొట్టం లాగడమే. కాబట్టి ఆ గొట్టం లావు ఎంతన్నదే ప్రశ్న. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మూడేసి మీటర్ల రెండు వైర్లు అయితే మొత్తం నిరోధం 6.4 మిల్లీఓములు. 150 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు నష్టం. ఫర్వాలేదు. చవకగా దొరికే వైర్లలో ప్లాస్టిక్ తొడుగు బొటనవేలంత ఉంటుంది, లోపల 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఉంటుంది, పైన రాగి పూత. ప్యాకెట్టు మీద '1000 ఆంపియర్లు'! దాని నిరోధం 42 మిల్లీఓములు, నష్టం 6.3 వోల్టులు. 950 వాట్ల వేడి ఆ తీగలోనే పుడుతుంది, ప్లాస్టిక్ వాసన వస్తుంది, అవతలి కారు మళ్లీ టక్ టక్ మంటుంది. లావు వైరు దొరకకపోతే ఒక ఉపాయం: మీ ఇంజిను నడుపుతూ పది నిమిషాలు ఆగండి. సన్నని గొట్టంతోనైనా అవతలి ట్యాంకులోకి కొంత చేరుతుంది. అప్పుడు తాళం తిప్పితే మోటారుకు కావాల్సిన దాంట్లో కొంత వాళ్ల సొంత బ్యాటరీయే ఇస్తుంది.

ట్యాంకు పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. నీళ్ల గొట్టానికి ప్లస్, మైనస్ ఉండవు. బ్యాటరీకి ఉంటాయి. సరిగ్గా కలిపితే రెండు బ్యాటరీలు ఎదురెదురుగా నెట్టుకుంటాయి. తేడా ఒక వోల్టు లోపే, మొత్తం నిరోధం 60 మిల్లీఓములు అనుకుంటే పది ఆంపియర్లు పారతాయి. తిరగేసి కలిపితే రెండూ ఒకే దిక్కుకు తోస్తాయి. 24 వోల్టులకు పైన, 400 ఆంపియర్లు. క్లిప్పు దగ్గర పొగ, ఆల్టర్నేటరులో డయోడ్లు మటాష్, అదృష్టం బాగుంటే పెద్ద ఫ్యూజు ఒకటే పోతుంది. ఇచ్చినవాడి కారుకు ఉన్న అసలు ప్రమాదం ఇదీ, బ్యాటరీ దిగిపోవడం కాదు. అందుకే ఎరుపు, నలుపు రంగులను నమ్మకండి. బ్యాటరీ మీద చెక్కిన ప్లస్ గుర్తును వేలితో తడిమి చూడండి. ఎవరో ఎప్పుడో ఎర్ర వైరు లేక నల్ల వైరు వేసి ఉండొచ్చు.

వరస ఇలా. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు, రెండూ ఆఫ్‌లో, న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకుతో ఉండాలి. ఎర్ర వైరు దిగిన బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కు. నాలుగో కొసను దిగిన బ్యాటరీ మైనస్‌కు పెట్టకండి, అదే కారు ఇంజిను మీద రంగు లేని గట్టి లోహపు భాగానికి, ఫ్యాను బెల్టుకూ బ్యాటరీకీ దూరంగా పట్టించండి. ఎక్కడ పెట్టాలో కారు పుస్తకంలో రాసి ఉంటే ఆ చోటే. అన్నీ పట్టించాక మీ ఇంజిను నడిపి, అవతలి తాళం తిప్పించండి. తీసేటప్పుడు వెనక నుంచి ముందుకు.

నాలుగో కొసకు ఇంత పట్టింపు ఎందుకంటే సర్క్యూట్ పూర్తయ్యేది అక్కడే, నిప్పురవ్వ లేచేది అక్కడే. చార్జింగ్ ఎక్కువైనప్పుడు బ్యాటరీలోని నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వస్తాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. అంటుకోవడానికి కావాల్సిన శక్తి 0.02 మిల్లీజౌలు, క్లిప్పు తగిలించేటప్పుడు వచ్చే రవ్వలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పేలితే ఎగిరేది సల్ఫ్యూరిక్ ఆమ్లం, అదీ వంగి చూస్తున్న ముఖం మీదికి. గాలాడని సెల్లారులో ఇంకా జాగ్రత్త. చీకట్లో టెర్మినల్ కనిపించడం లేదని లైటరు వెలిగించేవాళ్లు, నోట్లో సిగరెట్టుతో సలహాలిచ్చే పెద్దమనుషులు ప్రతి పార్కింగులోనూ ఉంటారు. వాళ్లను ముందు పంపించేయండి. షాక్ కొడుతుందని మాత్రం భయపడకండి, 12 వోల్టులు పొడి చేతుల్లోంచి పెద్దగా పారలేవు. ఉంగరం, కడియం వేరే సంగతి. అవి ప్లస్‌కూ బాడీకీ మధ్య ఇరుక్కుంటే క్షణంలో ఎర్రగా కాలతాయి. తీసి జేబులో వేసుకోండి.

కాదనాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా వైరు వేయొద్దు. లారీ, బస్సు నుంచి కారుకు తీసుకోవద్దు, చాలావాటిలో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. మీది ఎలక్ట్రిక్ కారో హైబ్రిడ్డో అయితే ఇవ్వనని చెప్పడంలో మొహమాటం వద్దు. అందులోని చిన్న 12 వోల్టుల బ్యాటరీని ఇంత కరెంటు ఇవ్వడానికి పెట్టలేదు.

బండి స్టార్ట్ అయ్యాక ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. ఆల్టర్నేటరు పనిచేస్తోందో లేదో చూడ్డానికి, ఇంజిను నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకేసే మెకానిక్కులు ఆటోనగర్‌లో ఒకప్పుడు ఉండేవారు. హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసే అంబాసిడర్ల కాలంలో చెల్లింది. ఇప్పుడు అలా పీకితే, జోరుగా చార్జ్ చేస్తున్న ఆల్టర్నేటరు తన కరెంటును వెంటనే తగ్గించుకోలేక ఒక్క క్షణం వోల్టేజీని ఎన్నో రెట్లు ఎగదోస్తుంది, ఆ దెబ్బకు కంప్యూటర్ పెట్టె పోవచ్చు. జంపర్ వైర్లు తీసేటప్పుడు కూడా ఇదే భయం, కాస్త తక్కువ మోతాదులో. అందుకే తీసేముందు స్టార్ట్ అయిన కారులో బ్లోయర్, వెనక అద్దపు హీటరు వేసి ఉంచమంటారు. పెరిగే కరెంటు అటు పోతుంది.

ఆల్టర్నేటరు పరీక్షకు మల్టీమీటరు చాలు. ఇంజిను నడుస్తుండగా టెర్మినళ్ల మధ్య 13.8 నుంచి 14.4 దాకా చూపిస్తే అది బాగున్నట్టే. 13 కూడా రాకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. అలాంటి కారుకు జంపర్ వేసి పంపిస్తే కృష్ణ మీద వారధి దాటేలోపే మళ్లీ ఆగిపోవచ్చు. మీటరు బాగుందన్నా, పక్కింటాయన ఆ కారును సెల్లారులో ఐడిల్‌లో అరగంట ఉంచితే సరిపోదు, ఐడిల్‌లో ఆల్టర్నేటరు ఇచ్చేది తక్కువ. మంగళగిరి దాకా వెళ్లి రమ్మనండి. రాత్రంతా ఆపి, పొద్దున తాళం తిప్పకముందే మీటరు పెట్టి చూడమనండి. 12.6 దగ్గర ఉంటే ప్రస్తుతానికి గండం గడిచినట్టే. 12.2 కిందికి జారితే ఆ బ్యాటరీ మార్చాల్సి రావచ్చు.