గేజ్ ముల్లు 15 దాటలేదని భయపడకండి: పాత షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజిన్ మీద అపోహలు – వాస్తవాలు

1929 నుంచి 1953 దాకా వచ్చిన షెవర్లే కార్ల ఇంజిన్లు విప్పి బిగించడం నా పని. నా దగ్గరికి వచ్చేవాటిలో అరిగిపోయినవి తక్కువ, తప్పుడు నమ్మకంతో చేసిన రిపేర్లకు పాడైనవి ఎక్కువ. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఫోర్డ్ కంపెనీ 'మోడల్ ఏ' కారు రాగానే షెవర్లే కంగారుపడి ఆరు సిలిండర్లు తెచ్చింది.

1928 షెవర్లేను టేపు పెట్టి కొలవండి. దాంట్లో ఉన్నది నాలుగు సిలిండర్ల ఇంజినే. అయినా వీల్‌బేస్‌ను, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరాన్ని, 103 అంగుళాల నుంచి 107కు పెంచారు. రాబోయే పొడవాటి ఇంజిన్‌కు ముందే చోటు చేసిపెట్టారన్నమాట. ఆ ఇంజిన్ 1929 మోడల్‌తో వచ్చింది: 194 క్యూబిక్ ఇంచులు, అంటే దాదాపు 3.2 లీటర్లు, 46 హార్స్‌పవర్. ఫోర్డ్ 'మోడల్ ఏ'కి 40. బలంలో తేడా కొంచెమే, అసలు లాభం వణుకు తగ్గడం. వరుసగా ఉన్న ఆరు పిస్టన్లలో ఒకదాని ఊపును ఇంకొకటి సరిచేస్తుంది. బండి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు స్టీరింగ్ పట్టుకుంటే చేతికే తెలుస్తుంది.

మనకూ దీంతో సంబంధం ఉంది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి సేవ్రీలో అసెంబ్లీ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు అక్కడ మొదట తయారైంది ఆ 107 అంగుళాల బండే. ఆ ఫ్యాక్టరీ 1954 దాకా నడిచింది.

అపోహ: ఆయిల్ ప్రెషర్ 15 దగ్గర ఆగిందంటే బేరింగులు పోయినట్టే.

ఎక్కువ ఇంజిన్లను చంపింది ఈ నమ్మకమే. 1937 నుంచి 1952 దాకా కార్లలో వచ్చిన 216 క్యూబిక్ ఇంచుల ఇంజిన్‌కు గేజే 30 వరకు ఉంటుంది. వేడెక్కాక నడుస్తున్న బండిలో చదరపు అంగుళానికి 14, 15 పౌండ్లు చూపిస్తే చాలు. పంప్ నుంచి ప్రెషర్‌తో ఆయిల్ వెళ్లేది క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగులకు, క్యామ్‌షాఫ్ట్‌కు. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ల దారి వేరు. ప్రతి రాడ్డు అడుగున చిన్న గరిటె లాంటి ముక్క ఉంటుంది. అది ఛాంబర్‌లోని (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే పాత్ర) తొట్టిలో మునిగి ఆయిల్ తోడుకుంటుంది. స్పీడు పెరిగాక నాజిల్ నుంచి వచ్చే ధార ఆ గరిటెను తాకాలి.

ఒకసారి వచ్చిన బండిలో ఎవరో ఆయిల్ ప్రెషర్‌ను అదుపు చేసే వాల్వు స్ప్రింగ్ కింద వాషర్లు పెట్టి ముల్లును పైకి లేపారు. ఓనర్ టెన్షన్ తగ్గింది. కానీ నాలుగో రాడ్డులో వైట్ మెటల్ (బేరింగుకు పోసే మెత్తటి లోహం) కరిగి ఛాంబర్ అడుగున వెండి రేకుల్లా పేరుకుంది. కారణం ఛాంబర్‌కు కింద రాయి తగిలి పడిన సొట్ట. తొట్టి పక్కకు జరిగింది, గరిటెకు ఆయిల్ అందలేదు. గేజ్ ఆ సంగతి చెప్పదు. అందుకే ఛాంబర్ దింపిన ప్రతిసారీ తొట్ల లోతు, నాజిళ్ల గురి కొలవాల్సిందే. చిక్కటి ఆయిల్ పోసినా ముల్లు లేస్తుందే తప్ప రాడ్డుకు మేలు జరగదు.

అపోహ: పోత ఇనుము పిస్టన్లు కాబట్టి నాసిరకం ఇంజిన్.

బ్లాకూ పిస్టనూ ఒకే లోహం కాబట్టి వేడికి ఒకేలా వ్యాకోచిస్తాయి. సందు తక్కువ పెట్టొచ్చు, చప్పుడు ఉండదు. టయోటా తన మొదటి ఇంజిన్‌కు, 1935 నాటి టైప్ ఏకి, నమూనాగా తీసుకున్నది షెవర్లే ఆరు సిలిండర్లనే. బరువు మాత్రం నిజమైన లోపమే. 1940ల బండ్లలో వెనక యాక్సిల్ రేషియో 4.11, అంటే టాప్ గేర్‌లో చక్రం ఒకసారి తిరగడానికి ఇంజిన్ నాలుగుసార్లకు పైగా తిరగాలి, కావడంతో హైవే మీద ఇంజిన్ గట్టిగా తిరుగుతుంది. బరువు పిస్టన్ల దెబ్బంతా రాడ్ల మీదే. నా బండైతే గంటకు 75 కిలోమీటర్లు దాటనివ్వను.

అపోహ: 'స్టవ్‌బోల్ట్' అంటే పొయ్యి బోల్టులతో బిగించిన ఇంజిన్.

కవర్లకు వాడిన గాడి తల బోల్టులు పొయ్యి బోల్టుల్లా కనిపించడంతో జనం పెట్టిన పేరది.

అపోహ: ఆరు సిలిండర్లన్నీ ఒకటే, ఏ పార్టయినా పడుతుంది.

1936 దాకా క్రాంక్‌కు మూడు మెయిన్ బేరింగులు, 1937 నుంచి నాలుగు. 1950లో పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో కార్లలోకి 235 క్యూబిక్ ఇంచుల ఇంజిన్ వచ్చింది. 1953లో పవర్‌గ్లైడ్ బండ్లకు అల్యూమినియం పిస్టన్లు, రాడ్లకు కూడా ప్రెషర్‌తో ఆయిల్ ఇచ్చారు. 1954లో అన్నిటికీ అదే. ఆ 235కే మూడు కార్బొరేటర్లు పెట్టి 150 హార్స్‌పవర్ తీసి 1953 కార్వెట్ స్పోర్ట్స్ కారులో వాడారు.

మన దగ్గర చాలా బండ్లకు ఇంజిన్ మారిపోయి ఉంటుంది. ఆర్‌సీలో ఏడాది చూసి ఆయిల్ సంగతి తేల్చకండి, బానెట్ ఎత్తండి. 216కు ట్యాపెట్ కవర్ పైన మధ్యలో రెండు నట్లు ఉంటాయి. 1954 తర్వాతి 235కు కవర్ అంచుల్లో నాలుగు స్క్రూలుంటాయి. రెండు నట్లు కనిపిస్తే గరిటెలున్న ఇంజినే అనుకుని పని మొదలుపెట్టండి.